కాడి మొహం కారుతో రెండేళ్లు

"ఇదేంట్రా, దీని మొహం ఎద్దు కాడిలా ఉంది?"

వీడియో కాల్‌లో కారు చూపించగానే మా నాన్న అన్న మొదటి మాట ఇది. అది ప్యాకార్డు అనే పాత అమెరికన్ కారు. ఆ కార్ల ముందు ఉండే రేడియేటర్ చట్రాన్ని అమెరికాలో కూడా కాడి ఆకారం అనే అంటారు. ఆ సంగతి ఆయనకి తెలిసే అవకాశమే లేదు. విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లకు పైగా లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, చూడగానే పేరు పెట్టేశాడు. నేను ఆ మాట నేర్చుకోడానికి మూడు నెలలు పుస్తకాలు తిరగేశాను.

నేను ఉండేది డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021 అక్టోబర్‌లో ఒహాయో రాష్ట్రంలో ఒక రైతు గడ్డి కొట్టంలో పడి ఉన్న 1936 ప్యాకార్డు 120 సెడాన్‌ని 7,000 డాలర్లకు కొన్నాను. 1989 నుంచి అది కదల్లేదు. వెనక సీటులో ఎలుకలు మూడు తరాలుగా కాపురం ఉన్నట్టున్నాయి. ట్రక్కు మీద తెచ్చి గరాజ్‌లో దించాక మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ముక్కు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది. మా అమ్మయితే ఫోన్లో, "తుప్పు కొనడానికి అమెరికా దాకా వెళ్లాలా, మన ఆటోనగర్‌లో తూకానికి ఇస్తారు కదా" అంది.

ఈ పిచ్చి మొదలైంది మాత్రం హైదరాబాద్‌లో. ఇంజనీరింగ్ అయ్యాక అక్కడ కొన్నాళ్లు పనిచేశాను. ఒక ఆదివారం చౌమహల్లా ప్యాలెస్‌కి వెళితే పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు. అది చేరేలోపే, 1911లో, ఆయన పోయారు. వెనక సింహాసనంలాంటి సీటు, పైన గుమ్మటంలాంటి కప్పు, ఒళ్లంతా మెరుపు. జనం ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం ఒక్కటే కోరిక, బానెట్ ఎత్తి లోపల చూడాలని. అది కుదిరే పని కాదు. మెకానిక్ కొడుకుని కాబట్టి ఆ అసంతృప్తి అలా మిగిలిపోయింది.

రోల్స్ కొనే స్తోమత నాకు ఏడు జన్మలకీ రాదు. ప్యాకార్డు ఒకప్పుడు అమెరికాలో ఆ స్థాయి కారే. కానీ ప్యాకార్డు 120 మాత్రం అందుబాటులో ఉంటుంది. ఎందుకుంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1898లో, ఒహాయోలోని వారెన్ అనే ఊళ్లో కరెంటు దీపాల వ్యాపారం చేసే జేమ్స్ వార్డ్ ప్యాకార్డు ఒక వింటన్ కారు కొన్నాడు. అది మాటిమాటికీ మొరాయించేది. వెళ్లి అలెగ్జాండర్ వింటన్‌కి లోపాలు వివరిస్తే, అంత తెలిసినవాడివైతే నువ్వే ఒకటి చేసుకో అన్నాడట. ఈయన నిజంగానే చేసుకున్నాడు. 1899 నవంబర్‌లో మొదటి ప్యాకార్డు బయటికొచ్చింది. ఆయన చదువుకున్న లీహై యూనివర్సిటీలో ఆ కారు ఇప్పటికీ ఉంది. 1903లో కంపెనీ డెట్రాయిట్‌కి మారింది. 1915లో 12 సిలిండర్ల ట్విన్ సిక్స్ తెచ్చారు. 1921లో వారెన్ హార్డింగ్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి వెళ్లింది దాంట్లోనే. అంతకుముందు ఏ అధ్యక్షుడూ ఆ పనికి కారులో వెళ్లలేదు. ప్యాకార్డు ప్రకటనల్లో గొప్పలు చెప్పుకునేవారు కాదు, "ఇది ఉన్నవాడిని అడగండి" అనేవారు. అంతే.

1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలాక ఆ "ఉన్నవాడు" దొరకడం కష్టమైపోయింది. పెద్ద కార్లు కొనే జనం తగ్గిపోయారు. అప్పుడు జనరల్ మోటార్స్ నుంచి జార్జ్ క్రిస్టఫర్ లాంటి వాళ్లని తెచ్చుకుని, పేరు చెడకుండా తక్కువ ధరలో ఒక కారు తయారు చేశారు. అదే 1935 జనవరిలో వచ్చిన 120. ధర వెయ్యి డాలర్లకి అటూ ఇటూ, అంటే పెద్ద ప్యాకార్డుల్లో సగం కూడా కాదు. 1936లో 55,000 కార్లు తయారయ్యాయి. అన్ని తయారయ్యాయి కాబట్టే నాలాంటి వాడికి ఒకటి మిగిలింది.

ఇక పని సంగతి.

కొనేముందు నేను చూసింది రెండు విషయాలు. ఇంజన్ గదికీ లోపలి క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు మీద ప్యాకార్డు వాళ్లు ఒక చిన్న ప్లేటు బిగించేవారు. దాని మీద కారు నంబరు, అమ్మిన డీలరు, ఊరు, అమ్మిన తేదీ కొట్టి ఉంటాయి. నా కారుది టొలీడో, 1936 మే 14. ప్లేటు మీద 80 ఏళ్ల మురికిని కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆ తేదీ చదివినప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజం. రెండోది, ఇంజన్ నంబరు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాల్లో కారు కాగితాలు ఇంజన్ నంబరు మీదే రాసేవారు. తర్వాత ఎవరైనా ఇంజన్ మార్చి ఉంటే కాగితం ఒకటి, కారు ఒకటి. నాది సరిపోయింది. సరిపోకపోతే కొనకండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

గరాజ్‌లోకి వచ్చిన రాత్రే సెల్ఫ్ కొట్టి చూడాలని చెయ్యి దురద పెట్టింది. నాన్న ఒప్పుకోలేదు.

"ఒరేయ్, 30 ఏళ్లు పడుకున్నవాణ్ణి లేపి పరిగెత్తమంటావా? ప్లగ్గులు తియ్యి. ఎనిమిది బొక్కల్లోనూ ఆయిల్ పొయ్యి. పది రోజులు దాని జోలికి పోకు."

ఆయన మాట విని ప్లగ్గులు తీసి, ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్‌లో కొంచెం అసిటోన్ కలిపి ఒక్కో సిలిండర్లో పోశాను. ఆ పది రోజులూ సాయంత్రం ఆఫీసు పని అవ్వగానే ఒక స్టూలు వేసుకుని కారు ముందు కూర్చునేవాణ్ణి. డిజైన్ అంటే ఏంటో నాకు కొంచెం అర్థమైంది ఆ కూర్చోవడంలోనే.

ప్యాకార్డు ఆ కాడి ఆకారాన్ని 1904లో మొదలుపెట్టింది. 1936 వచ్చేసరికి కారు మొత్తం మారిపోయింది. బగ్గీలా నిటారుగా ఉన్నది వంపులు తిరిగింది, దీపాలు గుడ్డు ఆకారానికి వచ్చాయి, గ్రిల్ వెనక్కి వాలింది. అయినా ఎదురుగా వస్తుంటే వంద గజాల నుంచి ఇది ప్యాకార్డు అని చెప్పొచ్చు. కాడికి రెండు భుజాలు ఉంటాయి కదా, ఆ భుజాల దగ్గర మొదలైన మడత బానెట్ రెండు అంచుల మీదుగా గీతలా వెనక్కి, అద్దం దాకా వెళుతుంది. చెయ్యి ఆనించి నడిస్తే వేలికి తగులుతుంది. చక్రం మధ్యలో ఎర్రటి ఆరు పలకల గుర్తు. పదేళ్ల పాత ప్యాకార్డు ఉన్నవాడు కొత్త ప్యాకార్డు పక్కన ఆపినా చిన్నబోకూడదన్నది వాళ్ల లెక్క. ప్రతి ఏడూ మొహం మార్చేసి పాతదాన్ని పాతగా కనిపించేలా చేసే పద్ధతి అప్పటికే డెట్రాయిట్‌లో బాగా పాకిపోయింది. వీళ్లు దానికి ఎదురు నిలబడ్డారు. నా ఫోన్‌ని చూసుకుంటే ఆ మాట ఇంకా బాగా అర్థమవుతోంది.

బానెట్ మీద బొమ్మ నా కారుకి లేదు. ఎవరో పీకేసుకున్నారు. ప్యాకార్డు బొమ్మల్లో ఒక పక్షి ఉంటుంది. అది గూడబాతా, నీటికాకా అని ఇక్కడి ప్యాకార్డు అభిమానుల మధ్య ఎడతెగని గొడవ. ప్యాకార్డుల వంశ చిహ్నంలో ఉన్నది గూడబాతు, కంపెనీ మాత్రం కొన్నేళ్లు దాన్ని నీటికాకి అని ప్రచారం చేసింది. మా అమ్మది కైకలూరు. ఆటపాక చెరువులో గూడబాతుల్ని చూస్తూ పెరిగింది. ఫొటో పంపి అడిగితే, "ముక్కు కింద సంచి ఏదిరా? సంచి లేకుండా గూడబాతేంటి?" అని తీర్పు చెప్పేసింది.

పదకొండో రోజున పొడవాటి పానా వేసి ఇంజన్‌ని చేత్తో తిప్పితే తిరిగింది. బిగుసుకుపోలేదు. సంతోషం అరగంట కూడా నిలవలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో, చూస్తే ఏడు సిలిండర్లలో 90 నుంచి 105 దాకా ఉంది, ఏడో నంబరులో 40 కూడా లేదు. వాల్వు ఇరుక్కుంది. ఈ ఇంజన్లో వాల్వులు మన కార్లలోలా హెడ్‌లో ఉండవు, సిలిండర్ల పక్కన బ్లాకులోనే నిలబడి ఉంటాయి. హెడ్ అంటే ఒట్టి మూత. కాబట్టి హెడ్ దించాల్సిందే.

దించడం అనే మాట ఎంత తేలిగ్గా ఉందో! ఎనిమిది సిలిండర్లూ ఒకే వరసలో ఉండే ఇంజన్ హెడ్ అది. పొడవాటి లోహపు పలక. బోల్టులు ఒక్కొక్కటే వేడి చేసి, ఆయిల్ కొట్టి, అటో పావు, ఇటో పావు తిప్పుతూ వచ్చాను. చివర్లో తొందరపడ్డాను. టక్ మని ఒకటి విరిగి బ్లాకులోనే ఉండిపోయింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాన్నకి చెప్పడానికి మొహం చెల్లక రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఆయన తిట్టలేదు, నవ్వాడు. "విరగ్గొట్టనివాడు మెకానిక్ ఎలా అవుతాడ్రా. మొండి మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టించు. ఆ వేడికి అదే వదిలేస్తుంది."

వెల్డింగ్ మిషన్ ఉన్నది పక్కింటి పెద్దాయన దగ్గర. ఒక కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు (డైలు) చేసి రిటైరైన మనిషి. అప్పటిదాకా మంచు తీసేటప్పుడు చెయ్యి ఊపుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. గరాజ్‌లోకి వచ్చి కారుని చూసి టోపీ తీశాడు. వాళ్లమ్మ యుద్ధం రోజుల్లో ప్యాకార్డు ఫ్యాక్టరీలో పనిచేసిందట, కార్ల మీద కాదు, మెర్లిన్ విమాన ఇంజన్ల మీద. రోల్స్ రాయిస్ డిజైన్ చేసిన మెర్లిన్‌ని అమెరికాలో తయారు చేసింది ప్యాకార్డే, 55,000 పైచిలుకు. మస్టాంగ్ యుద్ధ విమానాల్లో వాడింది వాటినే. ఆయన నట్టు పెట్టి వెల్డింగ్ చేశాడు, అయిదు నిమిషాలు ఆగాడు, పానా వేశాడు. వెన్నలో వేలు దిగినట్టు మొండి బయటికొచ్చింది. డబ్బులు తీసుకోలేదు. మా ఆవిడ పంపిన గారెలు మాత్రం తీసుకున్నాడు. ఆ తర్వాత శనివారాలు గారెల కోసం వచ్చాడో, కారు కోసం వచ్చాడో నేను అడగలేదు.

హెడ్ దించాం కదా, వాల్వు సంగతి చూసి మూసేద్దాం అనుకున్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు, నీళ్ల గొట్టం చూడమన్నాడు. ఇలాంటి కారు పట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇంత పొడవు ఇంజన్‌కి నీటి పంపు ముందు ఉంటుంది. చల్లటి నీళ్లు ముందు సిలిండర్లకే అందితే, వెనకున్న ఏడూ ఎనిమిదీ కాలిపోతాయి. అందుకని బ్లాకు లోపల, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చిల్లులు పెట్టిన ఒక పలచటి రేకు గొట్టం దూర్చారు. నీళ్లు ఆ గొట్టంలోంచి వెళ్లి ఒక్కో వాల్వు దగ్గరా పంచుతాయి. మన పొలాల్లో బోదెల్లాగే. చిక్కేంటంటే ఆ రేకు తుప్పు పట్టి లోపలే ముక్కలైపోతుంది. బయటికి ఏమీ కనపడదు. రేడియేటర్ కొత్తది వేసినా, పంపు కొత్తది వేసినా కారు వేడెక్కుతూనే ఉంటుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు.

నాది ఒక్కసారిగా రాలేదు. పంపు విప్పి, ముందు నుంచి కొక్కెం వేసి లాగితే మొదటి రోజు నాలుగు అంగుళాలు వచ్చింది, విరిగింది. మళ్లీ కొక్కెం, మళ్లీ రెండు అంగుళాలు. మూడు వారాంతాలు పట్టింది. బ్లాకు పక్కనుండే బిళ్లలు కొట్టి తీస్తే లోపల ఎర్రమట్టి. సొంతిల్లన్నట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పొడుగు చువ్వతో పొడిచి, నీళ్లు కొట్టి, మళ్లీ పొడిచి రెండు బకెట్లు తీశాను. ఏడో వాల్వు ఎందుకు ఇరుక్కుందో అప్పుడు తెలిసింది. దానికి చుక్క నీరు అందక ఎన్నేళ్లయిందో!

కొత్త గొట్టం దొరికింది. 120 కొనడంలో ఉన్న సుఖం అదే, వేలల్లో తయారైంది కాబట్టి భాగాలు ఇప్పటికీ చేసి అమ్ముతున్నారు. అయితే హెడ్‌కీ బ్లాకుకీ మధ్య పెట్టే పలచటి పొర, హెడ్ గ్యాస్కెట్ తెప్పిస్తే ఒక కొట్టువాడు 1935 మోడల్‌ది పంపాడు. పైగా వెనక్కి పంపే ఖర్చు నాదే. రెండోసారి కొలతలు గీసి పంపాను.

తర్వాత బ్రేకులు. 120కి మొదటి నుంచీ హైడ్రాలిక్ బ్రేకులే. డ్రమ్ములు విప్పడం ముందు చక్రాలకి తేలికే. వెనక చక్రాలకి యాక్సిల్ చివర కోసుగా ఉంటుంది, డ్రమ్ము దాని మీద బిగుసుకుని ఉంటుంది. లాగే పనిముట్టు బిగించి, మర మీద సుత్తితో కొట్టి, మళ్లీ బిగించి అలా వదిలేయాలి. యాక్సిల్ నట్టుని పూర్తిగా తీసేయకుండా నాలుగు చుట్లు ఉంచాలని పెద్దాయన మూడుసార్లు చెప్పాడు. ఎందుకో ఆ రాత్రి తెలిసింది. పదకొండున్నరకి గరాజ్‌లోంచి తుపాకీ పేలినంత శబ్దం. వెళ్లి చూస్తే డ్రమ్ము దానంతటదే వదిలింది, నట్టు ఆపబట్టి సరిపోయింది. లేకపోతే ఎదురుగా ఉన్న వాషింగ్ మిషన్‌లోకి దూరేది. మా ఆవిడ మెట్ల మీద నిలబడి ఏమీ అనలేదు. అనకపోవడమే భయం.

లోపల వీల్ సిలిండర్లన్నీ తుప్పు. అన్నీ కొత్తవి వేశాను. రబ్బరు గొట్టాలు, ఇనప పైపులు, మాస్టర్ సిలిండర్, ఒక్కటి కూడా పాతది ఉంచలేదు. బ్రేకుల దగ్గర పాతదనం మీద ప్రేమ పనికిరాదు.

ఆ డ్రమ్ములు విప్పుతున్నప్పుడే నాకు ఒక సంగతి కనిపించింది. ప్యాకార్డు చరిత్ర చదివితే ఎక్కడో ఒకచోట ఒక వాదన వస్తుంది. చవక కారు చేసి ప్యాకార్డు తన గొప్ప పేరుని తనే అమ్ముకుంది, 120 ఆ రోజు కాపాడింది కానీ చివరికి చంపింది అని. కాడిలాక్ అలా చేయలేదు, అందుకే బతికింది అంటారు. నేనూ నమ్మాను. కానీ ముందు చక్రాల దగ్గర సేఫ్-టి-ఫ్లెక్స్ అని పేరు పెట్టిన సస్పెన్షన్ చూడండి. రెండు ముందు చక్రాలూ విడివిడిగా ఊగుతాయి. కింది చెయ్యి నుంచి పొడవాటి ఉక్కు కమ్మీ ఒకటి వెనక్కి ఛాసిస్ దాకా వెళుతుంది. బ్రేకు తొక్కినప్పుడు పడే బలమంతా దాని మీదకి పోతుంది, చక్రం పక్కకి వంగదు. ఆ ఏడాది వేలకి వేలు పోసి కొనే పెద్ద ప్యాకార్డులకి ముందు ఇంకా నిండు ఇరుసే. చవక కారుకే మెరుగైనది ఇచ్చారు. తగ్గించిన చోటు లేదా అంటే ఉంది. పెద్ద ఇంజన్‌లో క్రాంక్‌ని తొమ్మిది బేరింగులు మోస్తే, దీంట్లో అయిదే. లోపలి తొడుగులు మామూలు ఊలు గుడ్డ. కానీ కంటికి కనపడని చోట మోసం చేయలేదు. దాదాపు 90 ఏళ్ల తర్వాత పానా పట్టుకుని కింద పడుకున్నవాడికి అబద్ధం చెప్పడం కష్టం.

నా అభిప్రాయం ఇది. చంపింది 120 కాదు. 120, దాని తర్వాత వచ్చిన ఆరు సిలిండర్ల కారు అమ్ముడుపోతుంటే ఆ ధీమాలో పెద్ద కార్లని పట్టించుకోవడం మానేశారు. బాడీలు తయారు చేసే పని 1940ల మొదట్లో బ్రిగ్స్ కంపెనీకి అప్పజెప్పారు. 1953లో ఆ బ్రిగ్స్‌ని క్రైస్లర్ కొనేసింది. సొంత వంట మానేసి కర్రీ పాయింట్ మీద ఆధారపడితే, ఒకరోజు ఆ కొట్టు పక్కింటి పోటీదారుడిదైపోయినట్టు. హడావుడిగా ఇరుకు ఫ్యాక్టరీలోకి మారారు, 1955 కార్లలో లోపాలొచ్చాయి. అప్పటికే స్టూడిబేకర్ అనే ఇంకో కార్ల కంపెనీతో కలిశారు. 1956 జూన్‌లో డెట్రాయిట్‌లో చివరి ప్యాకార్డు తయారైంది. ఇంకో రెండేళ్లు స్టూడిబేకర్ కార్లకి ఈ పేరు తగిలించి అమ్మారు, 1958తో అదీ ముగిసింది.

2022 చివర్లో, పాత ఫ్యాక్టరీని కూలగొట్టడం మొదలైందని విని ఒక ఆదివారం ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్‌కి వెళ్లాను. ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ కాన్ కట్టిన భవనాలు అవి. 1905లో ఆయన కట్టిన పదో నంబరు భవనంలో ఇటుక గోడల బదులు ఇనప చువ్వలు వేసిన కాంక్రీటు స్తంభాలు వాడాడు. కార్ల ఫ్యాక్టరీకి అలా కట్టడం అప్పటికి కొత్త. స్తంభాలు మోస్తాయి కాబట్టి గోడలంతా కిటికీలే పెట్టొచ్చు, వెలుతురు నిండుగా వస్తుంది. మనం ఇవాళ అపార్టుమెంట్లు కట్టేది కూడా పిల్లర్ల మీదే కదా. రోడ్డు మీదుగా రెండు భవనాల్ని కలిపిన వంతెన 2019లోనే కూలిపోయింది. కంచె ఇవతల నిలబడి చూశాను. ఒక ఇటుక తెచ్చుకుందామని చూస్తే కంచె లోపల పడి ఉన్నాయి. చేతికందలేదు.

ఇక కరెంటు. ఇక్కడ నేను పూర్తిగా నా తెలివితక్కువతనం వల్ల నెల రోజులు పోగొట్టుకున్నాను. ఈ కారుది 6 వోల్టుల బ్యాటరీ, పైగా పాజిటివ్ ఎర్త్. అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి తగిలించాలి. అది గుర్తుంచుకున్నాను, మరీ జాగ్రత్తగా ఎర్రరంగు పూసి పెట్టుకున్నాను. కానీ బ్యాటరీ కేబుళ్లు మాత్రం దగ్గర్లో ఆటో పార్ట్స్ కొట్టులో కొత్తవి, మెరుస్తున్నవి కొన్నాను. సెల్ఫ్ కొడితే ముసలాయన మెట్లెక్కినట్టు గుర్... గుర్... అని తిరిగేది. స్టార్టర్ విప్పి బుష్షులు మార్చాను. బ్యాటరీ మార్చాను. ఏం లాభం లేదు. వోల్టులు సగమైతే అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, అంటే తీగ లావుగా ఉండాలి. కొత్త కేబుళ్లు 12 వోల్టుల కార్లకి చేసిన సన్నవి. పాతవి చిటికెన వేలంత లావు ఉండేవి, నేనే చెత్తబుట్టలో పడేశాను. లావు కేబుళ్లు చేయించి వేసిన రోజు ఇంజన్ గిర్రున తిరిగింది. సాఫ్ట్‌వేర్ వాడిని, ఓమ్ సూత్రం పదో తరగతిలోనే చదివాను. అయినా సరే.

2023 ఏప్రిల్‌లో ఒక శనివారం, ఇక్కడ మధ్యాహ్నం, విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. ఫోను స్టాండుకి పెట్టాను. నాన్న భోజనం చేసి కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. పెట్రోలు ట్యాంకు ఇంకా కడగలేదు కాబట్టి చిన్న డబ్బాలోంచి గొట్టం వేశాను. నిప్పు ఆర్పే సిలిండర్ పట్టుకుని పెద్దాయన పక్కన నిలబడ్డాడు. ముందు ప్లగ్గులు తీసి ఉత్తినే తిప్పి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచిందాకా ఆగాం. తర్వాత ప్లగ్గులు బిగించి కొట్టాను.

పట్టుకుంది. కానీ ఢబ్ ఢబ్ అని సైలెన్సర్‌లో పేలుళ్లు, కారంతా ఊగిపోతోంది. ఆపేశాను.

నాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. "వరస చెప్పు" అన్నాడు.

ఎనిమిది సిలిండర్లు ఏ వరసలో మండాలో ఒక లెక్క ఉంటుంది. అంబాసిడర్‌కి 1-3-4-2. లేలాండ్ లారీకి 1-5-3-6-2-4. ఇవి మా ఇంట్లో ఎక్కాలతో పాటు నేర్చుకున్నవే. దీనిది 1-6-2-5-8-3-7-4. నేను తీగలు పట్టుకుని ఒక్కొక్కటే పైకి చదివాను. అయిదు దగ్గర ఆపాడు. "మళ్లీ చూడు." చూస్తే 5వ ప్లగ్గు తీగ 8కి, 8వది 5కి పెట్టాను. ఎనిమిది వేల మైళ్ల అవతల కూర్చుని, ఫోన్లో విని.

మార్చి మళ్లీ కొట్టాను. ఈసారి నిలబడింది. పొగ మొదట నీలంగా వచ్చింది, పది నిమిషాల్లో పలచబడింది. ఆ తర్వాత శబ్దమే లేదు. నిజంగానే ఆగిపోయిందేమోనని ఆయిల్ ముల్లు చూశాను, ఇంజన్ తిరుగుతూనే ఉంది. "హెడ్ మీద మంచినీళ్ల గ్లాసు పెట్టు" అన్నాడు నాన్న. పెట్టాను. నీళ్ల మీద సన్నటి వలయాలు, అంతే. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏడో దాంట్లో టాపెట్ కొంచెం మోగుతోంది, రేపు సందు చూసుకో" అని ఫోన్ పెట్టేశాడు.

మిగతావి త్వరగా అయిపోయాయి. ట్యాంకు దించి కడిగించాను. పెట్రోలు పంపులో డయాఫ్రం ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తట్టుకునేది వేశాను. రంగు వేయలేదు. పై ఆకుపచ్చ కింద అసలు నలుపు కనిపిస్తోంది, చోట్ల చోట్ల. అద్దంలా మెరిపించి ట్రైలర్ మీద ప్రదర్శనలకి తీసుకెళ్లే కార్లు చాలా చూశాను, వాటి మీద నాకు గౌరవమే, కానీ వాటి యజమానులు వాన చూస్తే వణికిపోతారు. సీట్లు మాత్రం కొత్త ఊలు గుడ్డతో కుట్టించాను. ఎలుకల వాసన పోవాలంటే వేరే దారి లేదు.

రిజిస్ట్రేషన్‌కి వెళితే నంబరు 17 అక్షరాలు ఉండాలి కదా అని అడిగారు. ఆ పద్ధతి వచ్చింది 1981లో అని చెప్పి, ప్లేటు ఫొటో చూపిస్తే పని అయింది. మిషిగన్‌లో పాత కార్లకి చారిత్రక వాహనం అని వేరే నంబరు ప్లేటు ఇస్తారు. దాంతో ప్రదర్శనలకీ, క్లబ్ కార్యక్రమాలకీ మాత్రమే వెళ్లాలి. ఒక్క ఆగస్టు నెలలో మాత్రం ఎక్కడికైనా తిరగొచ్చు. కార్ల ఊరు కాబట్టి ఇలాంటి నియమం పెట్టుకున్నారు.

అందుకే మొదటి దూర ప్రయాణం ఆగస్టులో పెట్టుకున్నాను. షెల్బీ టౌన్‌షిప్‌లో ప్యాకార్డు ప్రూవింగ్ గ్రౌండ్స్ ఉంది. 1920ల చివర్లో కొత్త కార్లని పరీక్షించడానికి రెండున్నర మైళ్ల అండాకారపు ట్రాకు కట్టారక్కడ. భవనాలు ఇవీ ఆల్బర్ట్ కాన్‌వే. ట్రాకులో ఇప్పుడు చిన్న ముక్కే మిగిలింది, భవనాలు మాత్రం బాగుచేసి ఉంచారు. మా ఇంటి నుంచి పన్నెండు మైళ్లు ఉంటుందేమో. మా ఆవిడ వస్తానంది. రెండేళ్లలో ఆ కారు గురించి తనంతట తను అన్న మొదటి మంచి మాట అదే.

మొదటి గేరు వేసేటప్పుడు కారు పూర్తిగా ఆగి ఉండాలి, లేకపోతే కరకరమంటుంది. స్టీరింగ్ నిలబడ్డచోట తిప్పాలంటే తిరగలి తిప్పినట్టే, కదిలాక తేలిక. 40 మైళ్ల వేగం దగ్గర ఇంజన్ మోత వినపడదు, గాలి మోతే. బానెట్ మీది ఆ రెండు గీతలు ముందుకు పోయి కాడి భుజాల దగ్గర కలుస్తూ కనిపిస్తాయి, రోడ్డుకి గురి పెట్టినట్టు. వాన్ డైక్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర పక్క లేన్‌లో ఒక పిల్లాడు అద్దం దించి ఏం కారని అడిగాడు. చెబితే వాడికి ఆ పేరు తెలియదు. డెట్రాయిట్ పిల్లాడికి.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. దీని వైపర్ కరెంటుతో నడవదు, ఇంజన్ గాలి పీల్చే బలంతో నడుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ పీల్చుడు తగ్గిపోయి వైపర్ నిలబడిపోతుంది. కాలు తీస్తే చకచకా ఊగుతుంది. కాబట్టి ఎక్కేటప్పుడు ఏమీ కనపడదు, కనపడాలంటే ముందుకు పోకూడదు. ఇంటిదాకా తొక్కడం, వదలడం, తొక్కడం, వదలడం. పైకప్పు అంచు నుంచి ఒక్కో చుక్క మా ఆవిడ ఒళ్లో పడుతోంది. ఆవిడ చేతిరుమాలు మడత పెట్టి అక్కడ దోపింది. తర్వాత కాలు పైకి పెట్టుకుని, "మీ నాన్నగారికి ఫోన్ చేసి ఈ వైపర్ సంగతి చెప్పండి, నవ్వుకుంటారు" అంది.